గాలి దిగే దారి: వాల్వు కాడకు ఒక సింహావలోకనం

పాడేరు ఘాటు దాటాక ఒక వాగులో మా జీపు చతికిలబడింది. టైరుకు గీత పడలేదు, రిమ్ము వంగలేదు. నీళ్ళ అడుగున నక్కిన రాయి ఒకటి చక్రం పక్కన రాసుకుంటూ పోయి, చిటికెనవేలంత వాల్వు కాడను మొదలంటా కోసేసింది. మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, ఊరు చేరేదాకా ఓపిక పట్టవచ్చు. కాడ తెగితే నిమిషంలో టైరు నేలకు కరుచుకుంటుంది. వేలరూపాయల టైరు నిక్షేపంగా ఉండగా, పది రూపాయల రబ్బరు ముక్క కోసం ముగ్గురం మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడ్డాం. ఆ కాడ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం నేను అప్పుడే మొదలుపెట్టాను.

రోడ్డు వదలని బండికి వాల్వు గాలి ఎక్కించే దారి మాత్రమే. రోడ్డు దిగిన బండికి గాలి దించే దారి కూడా అదే. ఇసుకలో, బురదలో, మంచులో టైరును మెత్తబరచక తప్పదు. కాడ ఇన్నేళ్ళలో తిరిగిన మలుపుల్లో చాలావాటికి కారణం ఈ రెండో పనే అని నా నమ్మకం.

గాలి టైరును మొదట ఊహించినవాడు స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్. 1845లో పేటెంటు తీసుకున్నాడు. గుర్రపు బళ్ళ చక్రాలకు గాలి నింపిన గొట్టం చుట్టి, గాలి ఎక్కించే దారికి మరమూత బిగించాలన్నది ఆయన ఆలోచన. దాన్ని లోకం మరిచిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్ పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును మళ్ళీ కనిపెట్టి పేటెంటు పొందాడు. థామ్సన్ ముందే చేశాడని తేలడంతో ఆ పేటెంటు నిలవలేదు. డన్‌లప్ పేరుతో చలామణీ అయిన సైకిలు వాల్వు కూడా ఆయనది కాదు, వుడ్స్ అనే మరొకరిది. మన ఊళ్ళలో వాల్‌ట్యూబు తెలియని సైకిలువాళ్ళు ఎవరు? సన్నని రబ్బరు గొట్టం ఇనుప ముక్కకు అతుక్కుని ఉంటుంది. పంపు కొడితే ఉబ్బి గాలిని లోపలికి వదులుతుంది, ఆపితే మూసుకుంటుంది. ఎండలకు కరిగి అంటుకుపోతే అరచేతి పొడవు ట్యూబు కొని ముక్కలు కోసుకునేవాళ్ళం. ఈ వాల్వుకు ఉన్న లోటు ఒక్కటే, అదే పెద్దది. లోపల గాలి ఎంతుందో మీటరు పెట్టి చూడలేం, కొలిచి కొంత తీయలేం.

ఆ లోటు తీర్చినవాళ్ళు న్యూయార్క్‌లోని ష్రేడర్ కుటుంబం. జర్మనీ నుంచి వలస వచ్చిన ఆగస్ట్ ష్రేడర్ 1844లో చిన్న దుకాణం పెట్టాడు. రబ్బరు సామానుకు ఇత్తడి అమరికలు చేశాడు, తర్వాత సముద్రంలో మునిగేవాళ్ళకు శిరస్త్రాణాలు చేశాడు. నీటి అడుగున మనిషి ఊపిరికి కాపలా కాసే పనితనమే టైరులోకి వచ్చిందని నాకనిపిస్తుంది. 1893లో పేటెంటు అందిన వాల్వు క్రమంగా ఇప్పటి రూపానికి వచ్చింది. ఇత్తడి కాడ, దాని లోపల మరతో బిగిసే పిన్ను, పైన మూత. పిన్నుకు చిన్న స్ప్రింగు ఉంటుంది గానీ అసలు కాపలాదారు స్ప్రింగు కాదు. లోపలి గాలే కింది నుంచి పిన్నును తోసి ద్వారం మూస్తుంది, గాలి ఎంత ఎక్కువుంటే అంత గట్టిగా. నొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది, పాడైతే పిన్ను ఒక్కటీ విప్పి మార్చవచ్చు. కాడ మీద మర అంగుళానికి 32 చుట్లు, లోపలి పిన్నుకు 36. ఈ లెక్క చెదరలేదు గనుకే పాత జీపు పిన్ను నేటి కారులో పడుతుంది. ఏసీ మెకానిక్ గ్యాసు నింపేచోట ఉండేదీ ఈ జాతి వాల్వే. నూటపాతికేళ్ళకు పైగా నిలిచిన ఇంత చిన్న యంత్రాన్ని మనం మూత తీసి ఒక్కసారైనా తేరిపార చూడం.

రోడ్డు వదిలిన కథ ఎడారిలో ముదిరింది. బ్రిటిషు సైన్యాధికారి రాల్ఫ్ బాగ్నాల్డ్ 1920ల చివర, 1930ల మొదట్లో ఫోర్డు కార్లేసుకుని లిబియా ఎడారిలోకి వెళ్ళాడు. దాటరానివనుకున్న ఇసుకదిబ్బలను దాటాడు. ఆయన చేసినవాటిలో టైర్లలో గాలి తగ్గించడం ఒకటి. గాలి తగ్గితే టైరు ఒళ్ళు విరుచుకుని నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటికి పంచుకుని ఇసుకలో కూరుకుపోదు. ఈ అనుభవంతోనే 1940లో ఈజిప్టులో లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ పుట్టింది, దాని ట్రక్కులు శత్రువుల వెనకకు వందల మైళ్ళు ఇసుకలో తిరిగాయి. గట్టినేల వచ్చినప్పుడు మళ్ళీ గాలి కొట్టాలి, లేకుంటే టైరు వేడెక్కి చిరుగుతుంది. దింపడం, ఎక్కించడం రోజువారీ పనైంది, వాల్వు మూత మీద ఎప్పుడూ ఎవరిదో చెయ్యి.

ఇక్కడే కాడకు కొత్త శత్రువు తగిలింది. గాలి తక్కువైతే టైరుకు రిమ్ము మీద పట్టు సడలుతుంది. రిమ్ము ముందుకు తిరుగుతుంటే టైరు, దానితో లోపలి ట్యూబు వెనక్కి జారతాయి. కాడ మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. జారుడు పెరిగేకొద్దీ కాడ ఒరిగి, చివరికి ట్యూబు మొదట్లో చిరుగుతుంది. మట్టి దారుల్లో పోటీలకు వెళ్ళే మోటారుసైకిలు వాళ్ళు అందుకే కాడ నట్టును రిమ్ముకు బిగించరు, పైకి తెచ్చి మూతకు ఆనిస్తారు. కాడ వంకరైతే టైరు జారుతోందని ముందే తెలుస్తుంది. మన పంక్చరు షాపువాళ్ళు చిరిగిన ట్యూబుకూ ప్రాణం పోస్తారు. పారేసిన ట్యూబు నుంచి కాడను చుట్టూ బిళ్ళతో సహా కోసి, వేడి మీద కొత్తచోట అతికిస్తారు. ఆ నేర్పుకు దండం పెట్టాలి.

యుద్ధం మరో ఆలోచన నేర్పింది. 1942లో అమెరికాలో తయారైన డక్ అనే నీటిబండి సముద్రంలోంచి ఒడ్డుకు ఎక్కేటప్పుడు డ్రైవరు సీటులో కూర్చునే టైర్ల గాలి తగ్గించుకోగలిగేవాడు. సోవియట్ వాళ్ళు ఆ పద్ధతిని పట్టుకుని 1950ల్లో బీటీఆర్-152 సాయుధ శకటానికి పెట్టారు. తొలి రకంలో గాలి గొట్టాలు చక్రాల బయట వేలాడేవి. కొమ్మా, రాయీ తగిలితే తెగడానికి సిద్ధంగా ఉండేవి. తర్వాతి రకంలో వాటిని ఇరుసు లోపలికి మళ్ళించారు. జిల్-157 ట్రక్కులో ప్రతి చక్రానికీ మూసుకునే కుళాయి ఉండేది. ఒక టైరు దెబ్బతింటే మిగతా ఐదింటి గాలీ దాని వెంట పోకుండా అడ్డుకట్ట.

పొలాల్లో కథ వేరు. 1932లో అలిస్-చామర్స్ ట్రాక్టరుకు గాలి టైర్లు వచ్చాయి, అప్పటిదాకా ఇనుప చక్రాలే. మన డెల్టా పొలాల్లో ట్రాక్టరు వెనక టైర్లలో గాలితోబాటు నీళ్ళు కూడా నింపుతారు. బరువు పెరిగితే చక్రం జారకుండా పట్టు దొరుకుతుంది. అందుకు గాలీ నీరూ రెండూ పోయే వాల్వు కావాలి. నీళ్ళు ఎక్కించేటప్పుడు కాడను పైకి వచ్చేలా తిప్పి నిలబెడతారు. బురదలో మునిగితేలే ఆ కాడకు మూత లేకపోతే ఇసుకరేణువు పిన్ను గూటిలో కూర్చుంటుంది. అక్కడి నుంచి గాలి రాత్రికి రాత్రే దిగిపోతుంది.

1952లో అమెరికాలో ట్యూబులేని టైరుకు పేటెంటు దక్కింది, 1955 మోడలు కార్లతో అది మామూలైంది. కాడకు ఇల్లు మారింది. ట్యూబును వదిలి నేరుగా రిమ్మును పట్టుకోవాల్సి వచ్చింది. ఇత్తడి ఒంటికి రబ్బరు తొడిగి, 11.5 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి లాగితే చటుక్కున కూర్చునే కాడ పుట్టింది. చవక, తేలిక, చదరపు అంగుళానికి 65 పౌండ్ల దాకా గాలికి తట్టుకుంటుంది. రోడ్డు మీద దీనికి వంక పెట్టలేం. రాళ్ళల్లోనే దీని బలహీనత బయటపడుతుంది. రాయి ఒరిస్తే తెగుతుంది, బరువైన గాలిమీటరో గాలి దించే పరికరమో వేలాడదీస్తే మొదట్లో వంగుతుంది. ఎండా ఓజోనూ కలిసి కొన్నేళ్ళకు మొదట్లో చీలికలు తెస్తాయి. వేలితో కాడను పక్కకు వంచితే ఆ చీలికలు నోరు తెరుస్తాయి. అందుకే టైరు మార్చినప్పుడల్లా కాడనూ మార్చాలంటారు. టైరు ఊడదీసి ఉంది కనక ఆ పని అప్పుడు నిమిషంలో అయిపోతుంది. అడవులు తిరిగేవాళ్ళు చాలామంది నట్టుతో బిగించే లోహపు కాడకు మళ్ళారు, అదీ రిమ్ము లోతట్టుకు నక్కి ఉండే పొట్టిది.

2000 నాటి అమెరికా చట్టం దరిమిలా, 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరైంది. దానితో చాలా బళ్ళలో కాడ చివర, రిమ్ము లోపల, సెన్సరు చేరింది. ఆ కాడల్లో అల్యూమినియంవి ఉన్నాయి. వాటిలో ఇత్తడి పిన్ను వేస్తే తేమకు రెండు లోహాలూ కొరుక్కుతిని బిగుసుకుపోతాయి. నికెల్ పూత పిన్నే వేయాలి. ఇది తెలియక పిన్ను తిప్పబోయి కాడనే విరిచిన సందర్భాలు నేను చూశాను.

మా వాగు దగ్గరికి వస్తాను. స్టెప్నీ అంతకు ముందురోజే పోయింది, పెట్టెలో మాత్రం ఒక కాడ ఉంది. జాకీ ఎత్తి చక్రం విప్పాం. టైరు అంచును రిమ్ము నుంచి విడదీయడమే కష్టం. జీపు కింద ఆ టైరును పెట్టి, దాని అంచు మీద జాకీ పాదం ఆనించి ఎత్తితే జీపు బరువే అంచును కిందికి నొక్కింది. తెగిన ముక్క తీసి, రంధ్రం అంచుల తుప్పు గీకి, కొత్త కాడకు సబ్బునీళ్ళు రాసి లోపలి నుంచి లాగాం. అంచు మళ్ళీ కూర్చోవాలంటే ఒక్కసారిగా గాలి పోవాలి. టైరు నడుముకు లగేజి పట్టీ బిగించి, పిన్ను తీసేసి, ఖాళీ కాడలోంచి కంప్రెసరు గాలి వదిలితే ఠప్‌మని కూర్చుంది. తర్వాత పిన్ను బిగించి సబ్బునురగ పెట్టి చూశాం. రెండున్నర గంటలు పట్టింది.

సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో ఇదే పని మనిషి ప్రాణంతో ముడిపడింది. వంద టన్నుల డంపరు టైరు మనిషి కన్నా ఎత్తు, రిమ్ము పలు ముక్కల కూర్పు. గాలి ఉండగా నట్టు కదిపితే ఆ ముక్కలను పట్టి ఉంచే ఉంగరం తూటాలా లేస్తుంది. ముందు పిన్ను పూర్తిగా విప్పి, గాలి చప్పుడు ఆగి, కాడలోకి తీగ దోపి దారి మూసుకుపోలేదని చూశాకే చక్రం మీద చెయ్యి వేయాలి.

ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద తిరిగే పెద్ద జీపులు గాలిని మూడు నాలుగు పౌండ్లకు దించుతాయి. మంచు తీరు గడియకోసారి మారుతుంది, దిగి నాలుగు కాడలూ నొక్కే తీరిక గాలివానలో ఉండదు. అందుకని అక్కడివాళ్ళు చక్రం మధ్య నుంచి కాడకు బయటి వైపున గొట్టాలు బిగించుకున్నారు. సోవియట్ ఇంజినీర్లు లోపల దాచిన గొట్టం మళ్ళీ బయటికే వచ్చింది. చెట్టూ కొమ్మా లేని ఆ తెల్లటి నేల మీద దానికి తగిలేది గాలి తప్ప మరేమీ లేదు.