నీటి మడిలో ఒంటి తాడి

సార్వా ఊడ్పుల ముందు పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో, కూచిపూడి చుట్టుపక్కల, పొలాలన్నీ దమ్ము చేసి నీళ్లు నిలిపి ఉంటాయి. గట్టు మీద తాడిచెట్టు ఒకటి, దాని కింద నీళ్లలో తలకిందులుగా ఇంకొకటి. కెమెరా పట్టుకున్నవాళ్లకు దొరికేది ఆ కొద్దిరోజులే. నాటిన పైరు దుబ్బు కట్టిందంటే నీళ్లు కనపడవు.

ఈ దృశ్యం అనాదిగా ఉన్నది కాదు. 1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఇరవై ఏళ్లకు గానీ బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడలేదు. కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలుపెట్టి 1855లో ముగించారు. కాలువలు పారాక మెట్ట చేలు మాగాణి అయ్యాయి, చెట్లు గట్ల మీదికి చేరాయి. అక్కడా తాడికి చోటు దక్కిందంటే అది రైతు లెక్క: నీడ తక్కువ, ఇంటికి ఆకు, దూలం, పైగా ముంజెలు, కల్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కెమెరా కూడా వచ్చింది. 1856లో మద్రాసు ప్రభుత్వం లినియస్ ట్రైప్‌ను ఫొటోగ్రాఫరుగా నియమించింది. మద్రాసుకు తరలించిన అమరావతి శిల్పాలను ఆయన 1858లో ఫొటోలు తీశాడు. అప్పటి రసాయనాలు నీలాన్ని ఇట్టే పట్టేవి, ఆకుపచ్చను దాదాపు పట్టేవి కావు. ఆకాశం తెల్లగా వెలిసిపోయేది. ఆ ఖాళీలో ట్రైప్ నెగటివ్ మీద మబ్బులు చేత్తో దిద్దేవాడు. పచ్చని చేలో పచ్చని చెట్టును తీస్తే రెండూ నల్లటి ముద్దగా కలిసిపోతాయి. నీళ్లు నిలిపిన మడిలో అయితే ఆకాశం కిందికి దిగి, చెట్టు తెలుపు మీద నలుపుగా విడిగా నిలుస్తుంది. రంగులన్నీ పట్టే పలకలు వచ్చింది 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో. ఒంటి చెట్టుకు నలుపు తెలుపులే ఇప్పటికీ అందమనేవాళ్ల మాటలో బలముంది.

చల్లపల్లి దాటి దివిసీమలోకి వెళ్తే నీళ్ల మధ్య చెట్టుకు మరో అర్థముంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో చెట్లను కరుచుకుని ప్రాణాలు దక్కించుకున్నవాళ్లున్నారు. అక్కడ చెట్టు ముందు కెమెరా ఎత్తేవాళ్లకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఇటు కొల్లేరు వైపు చెట్టు అంటే గూడబాతుల ఊరు. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ అక్కడ గుర్తించిన స్థావరంలో దాదాపు 3,000 పక్షులు గూళ్లు పెట్టేవి. 1970ల్లో అది ఖాళీ అయింది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇప్పుడు కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతుల కోసం అటవీశాఖ నీళ్లలో ఇనప స్టాండ్లు నిలబెట్టింది. వాటి మీదే గూళ్లు కట్టి పిల్లలను లేపుతున్నాయి. ఫొటోలో ఇనుము పడకుండా పక్షిని మాత్రమే బిగించి తీయడం చాలామందికి అలవాటు. ఆ స్టాండు కాళ్ల దాకా, నీళ్లతో సహా తీసిన ఫొటోయే కొల్లేరుకు సరైన దస్తావేజు.