పాత కార్లలో తివాచీ మార్పిడి

కారు లోపల అడుగు రేకును కప్పుతూ పరచే మందపాటి పోగుల గుడ్డను కారు తివాచీ లేదా కార్పెట్ అంటారు. ఇది పాదాలకు మెత్తగా ఉండటమే గాక రోడ్డు శబ్దాన్నీ, క్రిందినుండి వచ్చే వేడినీ కొంతమేరకు అడ్డుకొంటుంది. కాలం గడచిన కొలదీ ఎండకు వెలిసి, డ్రైవరు మడమ ఆనేచోట చిరిగి, తడికి కుళ్ళి పాడవుతుంది. సాధారణ పనిముట్లతో యజమాని స్వయంగా చేసుకొనదగిన మరమ్మత్తులలో తివాచీ మార్పిడి ఒకటి. అయితే ఈ పనిలో ఎక్కువ శ్రమ తివాచీ క్రింది రేకుతోనే ఉంటుంది. తడి ఎక్కడినుండి వచ్చినదో తేల్చకుండా పరచిన కొత్త తివాచీ కొద్ది కాలంలోనే పాతదాని దారి పడుతుంది.

నేపథ్యం

ఒకప్పుడు చౌక కార్లలో రబ్బరు పరుపు, ఖరీదైన కార్లలో తివాచీ ఉండటం వాడుక. 1964 ఏప్రిల్ 17న అమెరికాలో విడుదలైన ఫోర్డ్ మస్టాంగ్ 2,368 డాలర్ల మూల ధరలోనే తివాచీని కూడా చేర్చి ఇచ్చింది. పాత కార్లను పునరుద్ధరించేవారిలో ఈ కారుకు ఆదరణ ఎక్కువ. విడిభాగాలు కూడా విరివిగా తయారవుతున్నందున, ఈ పనిని వివరించటానికి దీని తొలి మోడళ్ళు (1965-66) మంచి ఉదాహరణ.

ఆ కాలపు అమెరికన్ కార్ల తివాచీలో పోగులు చిన్న చిన్న ఉచ్చుల వలె ఉండేవి. 1970ల మధ్యనుండి కొసలు కత్తిరించిన నైలాన్ పోగుల తివాచీ వాడుకలోకి వచ్చింది. పాత పద్ధతి ఉచ్చుల తివాచీలను ఇప్పటికీ 80 శాతం రేయాన్, 20 శాతం నైలాన్ కలిపి తయారుచేస్తున్నారు. వీటిని అడుగు రేకు ఎత్తుపల్లాలకు సరిపడేలా వేడితో అచ్చు పోసి, అడుగున జనపనార మెత్త కుట్టి అమ్ముతారు. కారు లోపల వాడే సామగ్రి నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించిన వేగంతో కాలరాదన్న నిబంధన అమెరికాలో 1972 సెప్టెంబరునుండి అమలులో ఉన్నది. ఇళ్ళలో పరచే తివాచీ ముక్కను కారులో వాడకపోవటానికి ఇది ఒక కారణం.

తడికి కారణాలు

మస్టాంగ్‌లో పేరుమోసిన లోపం ముందు అద్దం క్రింద, వైపర్లున్నచోట గల గాలి తొట్టిలో ఉన్నది. లోపలికి గాలి పోయే రంధ్రాల చుట్టూ, వాననీరు దిగకుండా రేకు కట్టలు ఉంటాయి. తొట్టిలో చేరిన ఆకులు నానుతూ ఉండటం వలన ఈ కట్టలు తుప్పుపట్టి చిల్లులు పడతాయి. అప్పుడు నీరు డాష్‌బోర్డు వెనుకనుండి దిగి జనపనార మెత్తలో ఇంకుతుంది. పైన తివాచీ పొడిగా కనిపించినా మెత్త వారాల తరబడి తడిగానే ఉండి రేకును తినివేస్తుంది. చాలామంది అద్దం చుట్టూ ఉన్న రబ్బరును అనుమానించి అనవసరంగా మారుస్తుంటారు. తివాచీ తీసిన తరువాత ఒకరు తొట్టిలో నీరు పోస్తుండగా మరొకరు లోపల లైటు వేసి చూస్తే నిజం తేలుతుంది.

తడి జిడ్డుగా ఉండి తియ్యని వాసన వేస్తే అది హీటరునుండి కారుతున్న కూలెంటు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం. పిల్లలనూ పెంపుడు జంతువులనూ దానికి దూరంగా ఉంచవలెను.

పాత తివాచీ తొలగింపు

ముందుగా బ్యాటరీ తీగ విప్పుతారు. ఈ మస్టాంగ్ ముందు సీట్ల నట్లు కారు లోపల కనిపించవు. అడుగు భాగాన రబ్బరు బిళ్ళలు తీస్తే వాటి వెనుక ఉంటాయి. అందుచేత కారును ఎత్తవలసి వస్తుంది. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రిందికి దూరటం ప్రాణాపాయం. గట్టి నేలపై స్టాండ్లు తప్పనిసరి. తరువాత తలుపు గుమ్మాల లోహపు పట్టీలు, సీటు బెల్టుల బోల్టులు విప్పుతారు. పాత తివాచీని చింపి పారవేయరాదు. ఎంత చివికినా అది కొత్తదానికి కొలత.

రేకు మరమ్మత్తు

పైపై తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం గల ద్రావణం పూస్తే అది ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. ఆరిన తరువాత ప్రైమరు, రంగు వేస్తారు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిపోయే రేకు విషయం వేరు. మస్టాంగ్‌కు విడి ఛాసిస్ లేదు. అడుగు రేకు శరీర నిర్మాణంలో భాగమై బరువు మోస్తుంది. కనుక చిల్లులను బంకతోనో ఫైబర్ గుడ్డతోనో కప్పటం మోసమే అవుతుంది, ముఖ్యంగా కారును మరొకరికి అమ్మేటప్పుడు. కుళ్ళిన మేర కోసి కొత్త రేకు వెల్డింగు చేయించవలెను. ఈ కారులో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల కాబట్టి, వెల్డింగును అనుభవజ్ఞులకు వదలటం మేలు.

కొత్త తివాచీ పరచుట

మడతపెట్టి వచ్చిన తివాచీని కొన్ని గంటలు ఎండలో ఆరవేస్తే ముడతలు సడలుతాయి. రెండు ముక్కలుగా ఉన్నట్లయితే వెనుకది ముందు పరచి, ముందుదాని అంచును దానిపైకి తెస్తారు. అతుకు సీటు క్రింద మరుగవుతుంది. గేరు సొరంగం మధ్యనుండి మొదలుపెట్టి ఇరుప్రక్కలకు సర్దుకుంటూ పోవలెను. కోతలన్నీ చిట్టచివరనే. ఎక్కువ తివాచీలు పాడయ్యేది గుమ్మం వద్ద తొందరపడి కత్తిరించటం వలననే.

బోల్టు రంధ్రాలను క్రిందినుండి ఆరెతో పొడిచి గుర్తించి, చిన్న కోత పెడతారు. డ్రిల్లింగు మిషను వాడితే పోగు దానికి చుట్టుకొని వరుస మొత్తం ఊడి వస్తుంది. నైలాన్ తివాచీకి వేడి సోల్డరింగ్ ఐరన్‌తో రంధ్రం చేస్తే అంచులు కరిగి అతుక్కుంటాయి. రేయాన్ మాత్రం నూలువలె మాడిపోతుంది కనుక దానికి కత్తెరే తగినది. ఎడమ పాదం వద్ద హెడ్‌లైట్ల డిమ్మరు స్విచ్‌కు కూడా రంధ్రం కావలెను. తివాచీ అంతటికీ జిగురు పూయనక్కరలేదు. గుమ్మపు పట్టీలు, సీట్లు దానిని పట్టి ఉంచుతాయి. అతికించిన తివాచీ ఎప్పుడైనా తడిస్తే ఎత్తి ఆరబెట్టే వీలుండదు. బెల్టు బోల్టులను పాత స్థానాల్లోనే, తివాచీ మడత క్రింద ఇరుక్కోకుండా గట్టిగా బిగించవలెను.

భారతదేశంలో

అంబాసిడర్ (ఉత్పత్తి 2014లో ఆగిపోయినది), ప్రీమియర్ పద్మిని వంటి కార్లకు సీటు కవర్లు కుట్టే దుకాణాలలో చుట్టనుండి కత్తిరించి తివాచీ కుట్టించుకొనవచ్చును. దానిపై శుభ్రత కొరకు మందపాటి వినైల్ పట్టాను కూడా పరుస్తుంటారు. తుడవటానికి ఇది సులువే గాని వానాకాలంలో క్రిందికి దిగిన నీరు ఆవిరి కాలేదు. అటువంటి కార్లలో వానలు వెలిసిన తరువాత ఒకసారి పట్టా ఎత్తి, ముందు సీట్ల పాదాల చోట రేకును చేతితో తడిమి చూస్తారు.