క్రీగ్స్‌మరీన్ వైద్య విభాగ నాయకత్వం

రెండవ ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ నౌకాదళమైన క్రీగ్స్‌మరీన్‌లో వైద్య సేవలకు సానిటేట్స్‌షెఫ్ అధిపతి. యుద్ధ కాలంలో ఈ పదవిని ఆల్ఫ్రెడ్ ఫికెన్‌ట్షర్, 1943 నుంచి ఎమిల్ గ్రోయిల్ నిర్వహించారు. నౌకా వైద్యుల ర్యాంకులు నావికాధికారుల శ్రేణికి సమాంతరంగా ఉండేవి: ఫ్లోటెన్‌ఆర్ట్స్ట్ కెప్టెన్‌కు, అడ్మిరాల్‌ఆర్ట్స్ట్ రియర్ అడ్మిరల్‌కు, అత్యున్నతమైన అడ్మిరాల్‌ఓబర్‌స్టాబ్స్‌ఆర్ట్స్ట్ పూర్తి స్థాయి అడ్మిరల్‌కు సమానం.

1942 జులై 28 నాటి హిట్లర్ ఉత్తర్వు త్రివిధ దళాల ఉమ్మడి వైద్య వ్యవహారాలను సీగ్‌ఫ్రీడ్ హాండ్లోజర్ సమన్వయం కిందికి తెచ్చింది. 1944లో డాఖౌ శిబిరంలో 44 మంది రోమా, సింతీ ఖైదీలపై సముద్రజలాన్ని తాగునీరుగా మార్చే ప్రయోగాలు జరిగాయి. ఓడ మునిగి ప్రాణాలతో మిగిలిన నావికులకు తాగునీరు అందడం నౌకాదళ సమస్య కూడా కావడంతో, ఈ ప్రయోగాల సన్నాహక సమావేశంలో నౌకాదళ ప్రతినిధులూ పాల్గొన్నారు. అయినా న్యూరెంబర్గ్ వైద్యుల విచారణలోని 23 మంది నిందితుల్లో నౌకాదళ వైద్యులెవరూ లేరు. ఆ నిందితుల్లో ఒకరైన హాండ్లోజర్‌కు 1947 ఆగస్టు 20న యావజ్జీవ శిక్ష పడింది.