మూడు చోట్ల దాచిన తుపాకి

దగ్గరికి జరుగుండ్రి, చలి కొడుతుంది. ఇంకో రెండు మొద్దులు మంటల ఎయ్యుండ్రి. ఇగో చిన్నోడా, నీ చేతిల ఆ ప్లాస్టిక్ తుపాకి ఉన్నది గద, దాన్ని అక్క మొఖం మీదికెల్లి తీసి నేల దిక్కు పెట్టు. ఆటదే, నాకూ తెలుసు. నా చిన్నప్పుడు ఉత్త కట్టెను మనిషి దిక్కు పెడితెనే మా నాయిన ఊకునేటోడు కాదు. ఆ ముచ్చటనే చెప్త, ఇనుండ్రి.

మన ఊరు ములుగు అడవి అంచునుండె. అప్పట్ల రోడ్డు లేదు, కరెంటు లేదు. జొన్న కంకి పాలు పట్టంగనే అడవిపందులు మందలకు మందలు దిగేటియి. ఒక్క రాత్రి కునుకు పడితె, తెల్లారేసరికి చేను నాగలి పెట్టి దున్నినట్టయ్యేది. మంచె మీద కూసోని డప్పు కొట్టేటోళ్లు కొందరు, వడిసెల తిప్పేటోళ్లు కొందరు. ఇంకొందరికి పంట కాపలాకని సర్కారు లైసెన్సు మీద బర్మార్ తుపాకి ఉండేది. మా నాయినకూ ఒకటుండె.

బర్మార్ అంటె మూతి నుంచి నింపేది. మందు పొయ్యాలె, పైన పీచు కుక్కాలె, ఆ మీద రవ్వలు, మళ్ల పీచు. పొడుగు ఇనుప కడ్డీతోని దట్టియ్యాలె. ఎనుక గుర్రం కింద రాగి టోపి పెట్టాలె. మీట ఒత్తితె గుర్రం టోపి మీద పడుతది, నిప్పు లోపలికి పోతది, అప్పుడు పేలుతది.

దీనితోని తిప్పలేందంటె, ఒకసారి నింపినంక పేల్చకుంట ఖాళీ చేసుడు శాన కష్టం. రాత్రంత మేలుకున్నా పంది రాకపాయె అనుకో, నింపిన తుపాకి నింపినట్టే ఇంటికొస్తది. మందుకు పైసలైతయి, రవ్వలకు పైసలైతయి. ‘మాపటికి మళ్ల పోవుడే గద’ అని శానమంది టోపి ఒక్కటి తీసి, తుపాకిని గట్లనే కొయ్యకు తగిలిచ్చేటోళ్లు.

అట్ల తగిలిచ్చిన ఇంట్లనే ఒక పాణం పోయింది. పక్క ఊరు. పేర్లెందుకు గని, తండ్రి చేన్లకెల్లి వచ్చి ఒళ్లెరుగకుంట పండుకున్నడు. ఆనాడు టోపి తీసుడు గూడ మర్చిండు. పిల్లగాండ్లు ఇద్దరు తుపాకిని దించిండ్రు. పెద్దోడు ‘ఖాళీదేరా’ అన్నడట. చిన్నోడు దక్కలె. ఆ తండ్రి తర్వాత ఏండ్లకొద్ది బతికిండు గని, ఎవ్వరితోనన్న కండ్లు కలిపి మాట్లాడంగ నేను చూడలె.

మా నాయిన లెక్క వేరె. పంది వచ్చినా రాకున్నా, పొద్దు పొడవంగనే మంచె దిగి, చెరువు కట్ట మట్టిలకు పేల్చి, ఖాళీ తుపాకితోనే ఇల్లు చేరేటోడు. ‘మందంత మట్టిపాలు చేస్తివి’ అని మా అవ్వ గొణిగేది. గొణుక్కుంటనే, ఆ సప్పుడు ఇనబడంగనే పొయ్యి మీద నీళ్లు పెట్టేది. తుపాకి కడగనీకి ఉడుకు నీళ్లు కావాలె గద.

ఇంట్లకొచ్చినంక తుపాకి ఒక దిక్కు, మందు ఒక దిక్కు, టోపీలు ఒక దిక్కు. తుపాకి వాసాల నడుమ, పిల్లలకు అందని ఎత్తున. మందు సొరకాయ బుర్రల, పొయ్యికి దూరంగ, ఎనుక అర్రల అటుక మీద. టోపీలు మాత్రం మా అవ్వ బొడ్లె సంచిల. వక్కలు, సున్నపు డబ్బి, వాటి పక్కన రాగి టోపీల చిన్న మూట. నాయిన చేనుకు పోయేటప్పుడు లెక్కవెట్టి ఇచ్చేది, పొద్దున లెక్కవెట్టి తీసుకునేది. ఆమె ఎన్నడూ తుపాకి ముట్టలె గని, ఆమె ఇయ్యంది ఆ తుపాకి పేలదు. ఇయ్యాల తెలిసినోళ్లు చెప్పేదీ గిదే: ఆయుధం ఒక తాళం కింద, తూటాలు ఇంకో తాళం కింద. మా ఇంట్ల తాళం లేదు, మా అవ్వ ఉండె.

ఇగ నేర్పుడు ముచ్చట. నాకు పదేండ్లొచ్చేసరికి ఆ తుపాకి మీద మనసు వడ్డది. ఏ పిల్లగానికైనా పడుతది. నాయిన తిట్టలె. ఒక తుమ్మ కట్టె చెక్కి చేతికిచ్చిండు. ‘ఈ కారంత ఇదే నీ తుపాకి. మూతి ఆకాశం దిక్కన్న ఉండాలె, నేల దిక్కన్న ఉండాలె. మనిషి దిక్కు, గొడ్డు దిక్కు, ఇంటి దిక్కు పోవద్దు’ అన్నడు. కంచె దాటాలంటె ముందు కట్టెను అవతల పండవెట్టాలె, ఆ తర్వాత మనం దాటాలె. నన్ను చూసి మా తమ్ముడు కూడ ఒకటి చెక్కిచ్చుకున్నడు. ఒకనాడు పక్కింటి బర్రె దిక్కు పెట్టి ‘ఢాం’ అన్నడు. నాయిన అరవలె, కొట్టలె. కట్టె గుంజుకోని పొయ్యిల పెట్టిండు. మళ్ల వానకాలం దాక వానికి కట్టె లేదు.

కట్టె మోసుడు వచ్చినంక కడుగుడు. మందు కాలిన మసి గొట్టంల పేరుకుంటది, తేమ తగిలితె తుప్పు పడుతది. ఉడుకు నీళ్లు పోస్తె నల్లగ, కుళ్లిన గుడ్డు వాసనతోని దిగేటియి. కడ్డీకి పేలిక చుట్టి తుడిచి, ఆరినంక నూనె రాసేది.

అప్పుడు చూపిచ్చిండు అసలు సంగతి. టోపి లేదని చూసి, మొఖం పక్కకు పెట్టుకోని, గొట్టంల కడ్డీ ఇడవాలె. ఖాళీగ ఉంటె అడుగుకు తాకి ‘టంగు’మంటది, కడ్డీ మీద గీసిన గీత సరిగ్గ మూతి కాడికొస్తది. లోపల మందు ఉంటె మెత్తగ ‘దబ్బు’మంటది, గీత నాలుగు వేళ్లంత పైన్నే ఆగుతది. ‘నోటి మాట నమ్మద్దు. నేను చెప్పినా నమ్మద్దు. కడ్డీని అడుగు’ అనేటోడు. తుపాకి చెయ్యి మారిన ప్రతిసారి కడ్డీ ఇడవాల్సిందే. నేను చూసి ఆయన చేతికిస్తె, ఆయన మళ్ల ఇడిచి చూసేటోడు. నా మీద అనుమానం కాదు, పద్ధతి గది.

పేల్చుడు అన్నిటికన్న ఆఖరు. ముందుగాల గట్టు మీద నీళ్ల కుండ పెట్టి ఆయనే పేల్చిండు. చెవులు గింగురుమన్నయి. చూస్తె కుండ లేదు. పెంకులు ఏరుకరమ్మన్నడు. ఏరి తెస్తె, ‘పందైనా ఇంతే, మనిషైనా ఇంతే’ అన్నడు. ఇంకోటి గూడ నేర్పిండు. వాన తేమకు ఒక్కోసారి టోపి చిటుక్కుమంటది గని మందు అంటుకోదు. అప్పుడు మూతిని అట్లనే మట్టి దిక్కు పట్టుకోని ఆగాలె. ఏమైందోనని మూతిల కన్ను పెట్టినోడు బతకడు, ఆ మందు ఎనుక నిదానంగ గూడ అంటుకుంటది.

తర్వాత చైనా యుద్ధం అయినంక, 1963ల కాలేజీ పోరగాండ్లకు ఎన్‌సీసీ తప్పనిసరి చేసిండ్రు. నేను హనుమకొండల చదువుతున్న. పాయింట్ టూటూ రైఫిల్ చేతికియ్యకముందే ఉస్తాద్ ఏం చెప్పిండో ఎరుకనా? మూతి గురి దిక్కే ఉండాలె, హుకుం ఇచ్చేదాక వేలు మీట మీదికి పోవద్దు, పేల్చినంక బోల్టు తెరిచి లోపల ఖాళీ ఉన్నదని చూపియ్యాలె. చదువురాని మా నాయిన చేన్ల చెప్పినదాంట్ల ఒక్క ముక్క తేడ లేదు.

చట్టాలు గూడ మారినయి. 1959 ఆయుధాల చట్టంల 16 ఏండ్లు నిండనోని దగ్గర తుపాకి ఉండద్దని ఉండె, 1983ల దాన్ని 21 చేసిండ్రు. 1972ల అడవి జంతువుల చట్టం వచ్చినంక పందిని ఇష్టమొచ్చినట్టు కొట్టుడు బందైంది. ఎలక్షన్లు వస్తె తుపాకిని ఠాణాల జమ చేసి రసీదు తెచ్చుకునుడు. ఆ ఎనుక, ఇంట్ల తుపాకి ఉన్నదంటె రాత్రి నక్సలైట్ అన్నలు అడుగుడు, పగలు పోలీసులు అడుగుడు. నాయిన పోయినంక నేనే దాన్ని ఠాణాల అప్పజెప్పి వచ్చిన. బాధ కాలె. పిల్లలున్న ఇంట్ల తుపాకి లేకపోవుడుకు మించిన భద్రం లేదు.

నేర్చుకోవాలన్న ఆశ ఉంటె ఇప్పుడు దానికి తగ్గ జాగ ఉన్నది. మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 2018ల, 13 ఏండ్లకే ఎయిర్ పిస్టల్‌ల జాతీయ చాంపియన్ అయ్యింది. అట్లాంటోళ్లు నేర్చేది రేంజిల, కోచ్ కండ్ల ముంగట. పేల్చనప్పుడు తుపాకిల ఒక రంగు తీగ దూర్చి పెడుతరు, అది ఖాళీదని ఎవ్వరైనా దూరం నుంచే చూసుకునేటట్టు. ఆడ గూడ నోటి మాట నడువది.

చిన్నోడా, నీకు చెప్పేది ఇగ ఒక్కటే. చుట్టాలింట్ల బీరువలనో, పెండ్లిల ఎవని నడుముకో తుపాకి కనబడితె ముట్టద్దు. నీ దోస్తును ముట్టనియ్యద్దు. ఆడ నిలబడకుంట ఉరికొచ్చి పెద్దోళ్లకు చెప్పు. ‘ఆటదేరా’ అని వాడన్నా సరే. పెద్దోళ్లు మీరు గూడ ఇనుండ్రి. వాడు అట్ల చెప్పుకుంట వస్తె ‘నీకెందుకురా’ అని కసరకుంట, లేచి పోయి చూడుండ్రి. మా నాయిన ఒక్కనాడు అలసి, నింపిన తుపాకిని కొయ్యకు తగిలిచ్చి ఉంటె, నాకు నేర్పిన కట్టె, కడ్డీ, కుండ అన్నీ దండుగయ్యేటియి.