కరోనా చికిత్సలో యాంటీవైరల్ మందులు – హైదరాబాద్ పాత్ర

(ప్రత్యేక వ్యాసం)

తెలంగాణలో తొలి కోవిడ్-19 కేసు 2020 మార్చి 2న వెలుగు చూసిన విషయం విదితమే. బాధితుడు దుబాయ్ వెళ్ళి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయన గాంధీ ఆసుపత్రిలో చికిత్స పొంది కోలుకున్నారు. మార్చి 4న హైటెక్ సిటీలోని మైండ్‌స్పేస్ ప్రాంగణంలో మరొక ఉద్యోగికి వ్యాధి సోకినదన్న అనుమానం తలెత్తగా, అక్కడి ఉద్యోగులు ఆందోళనతో కార్యాలయాలు వదలి ఇళ్ళకు తరలిపోయారు. పరీక్షలో ఆ ఉద్యోగికి వ్యాధి లేదని తేలినది. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఇంటి నుండి పని అనే పద్ధతికి అదే నాంది అని చెప్పవచ్చును.

ఆనాటికి ఈ వైరస్‌పై పనిచేయునని రుజువైన మందు ప్రపంచంలో ఒక్కటీ లేదు. 2003లో సార్స్, 2012లో మెర్స్ వ్యాధులు ఇదే కుటుంబానికి చెందిన వైరస్‌ల వలన ప్రబలినప్పటికీ, వాటికి ఆమోదిత ఔషధం వెలువడలేదు. సార్స్ సద్దుమణగడంతో పరిశోధనలపై ఆసక్తి కూడా సన్నగిల్లినది. 2020 తరువాత వచ్చిన మందులలో పెక్కింటికి హైదరాబాద్ నగరంతో సంబంధమున్నది. వాటి పనితీరు, ధర, పరిమితులను గురించి పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఈ సమాచారం క్రోడీకరించబడినది.

మందు పనిచేయు విధానం

కరోనా వైరస్ జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ. వైరస్ మనిషి కణంలోనికి ప్రవేశించిన పిదప ముందుగా పొడవాటి ప్రొటీన్ గొలుసులను తయారు చేయించుకొంటుంది. ప్రొటియేజ్ అనే ఎంజైమ్ కత్తెర వలె ఆ గొలుసులను తగిన ముక్కలుగా కత్తిరిస్తుంది. ఆ ముక్కలలో కొన్ని కలసి పాలిమరేజ్ అనే మరొక ఎంజైమ్‌గా రూపొంది, వైరస్ జన్యు పదార్థానికి నకళ్ళు వ్రాయడం ఆరంభిస్తాయి. యాంటీవైరల్ మందులు ఈ రెండింటిలో ఏదో ఒకదానిని అడ్డుకొంటాయి. రెమ్‌డెసివిర్ నకలు వ్రాసే లేఖకుని చేతికి తప్పు అక్షరం అందించి, వ్రాత మధ్యలో నిలిచిపోవునట్లు చేస్తుంది. మోల్నుపిరావిర్ వ్రాతను ఆపదు. కానీ నకలులో తప్పులు పెరిగిపోయి, పుట్టిన వైరస్‌లు పనికిరానివవుతాయి. నిర్మాట్రెల్విర్ కత్తెరనే పట్టుకొంటుంది.

ఈ వివరణలోనే ఒక ముఖ్య విషయం ఇమిడి ఉన్నది. వైరస్ నకళ్ళు ముమ్మరంగా తయారయ్యేది సాధారణంగా వ్యాధి లక్షణాలు కనిపించిన తొలి వారంలోనే. తీవ్ర రోగులలో ఆ తరువాత ఊపిరితిత్తులకు కలిగే హానికి వైరస్ కంటే శరీరపు సొంత రోగనిరోధక వ్యవస్థ విజృంభణ ఎక్కువ కారణమవుతుంది. కావున యాంటీవైరల్ ఎంత మంచిదైనా ఆలస్యంగా ఇచ్చినచో ప్రయోజనం స్వల్పం. 2021 వేసవిలో ఈ ఒక్క విషయం విస్మరణకు గురైనందున ఎన్ని కుటుంబాలు ఎంత ధనం, ఎంత సమయం వెచ్చించవలసి వచ్చినదో లెక్క కట్టుట కష్టం.

రెమ్‌డెసివిర్

అమెరికాకు చెందిన గిలియడ్ సంస్థ రూపొందించిన ఈ మందు అంతకు పూర్వం ఎబోలా వ్యాధిపై పరీక్షింపబడినది. 2020 మే 12న గిలియడ్ సంస్థ 127 దేశాలలో సరఫరా చేయుటకు ఐదు జనరిక్ సంస్థలతో స్వచ్ఛంద లైసెన్సు ఒప్పందాలు ప్రకటించినది. వాటిలో హైదరాబాద్ కేంద్రంగా గల హెటెరో ఒకటి. డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఆ తరువాత చేరినది. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ, అనగా ఐఐసీటీ, ఈ మందుకు అవసరమైన కీలక ముడి రసాయనాల తయారీ విధానాన్ని ప్రయోగశాలలో సిద్ధం చేసినది. జూన్ 21న హెటెరో తన కోవిఫర్ ఇంజెక్షన్‌కు కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి లభించినట్లు ప్రకటించినది. ఒప్పందం నుండి అనుమతి వరకు పట్టిన కాలం 40 రోజులు.

ఇంత త్వరగా ఎట్లు సాధ్యమైనదని వెలుపలి పాత్రికేయులు తరచు ప్రశ్నించేవారు. 1960లలో బాలానగర్‌లో నెలకొన్న ఐడీపీఎల్ కర్మాగారం నగరానికి రసాయన శాస్త్రజ్ఞులను, ప్లాంటు నడిపే నేర్పును సమకూర్చినది. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకులు కల్లం అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. 1970 నాటి పేటెంటు చట్టం ఔషధాలలో ఉత్పత్తికి గాక తయారీ విధానానికే పేటెంటు నిచ్చినందున, అదే మందును వేరొక విధానంలో తయారు చేయు విద్య ఇక్కడ మూడు దశాబ్దాలకు పైగా, 2005లో చట్టం మారువరకు, సాగినది. హెచ్‌ఐవీ మందుల తయారీలో గడించిన అనుభవం దీనికి తోడైనది. ఐటీ కారిడార్ వెలుగులో ఈ రసాయన పరిశ్రమ వార్తలలో వెనుకబడినది గాని, నగరానికి ఇది పెద్దన్న వంటిది.

కోవిఫర్ 100 మి.గ్రా. సీసా ధర తొలుత రూ.5,400. మొదటి రోజు రెండు, పిదప నాలుగు రోజులు ఒక్కొక్కటి చొప్పున ఐదు రోజుల చికిత్సకు ఆరు సీసాలు, అనగా రూ.32,400. 2021 ఏప్రిల్‌లో రెండవ దశ ఉద్ధృతమైనప్పుడు కేంద్రం ఏప్రిల్ 11న ఎగుమతులను నిషేధించినది. ఏప్రిల్ 17న ధరల తగ్గింపు ప్రకటించబడినది. ఆ ప్రకారం కోవిఫర్ రూ.3,490, డాక్టర్ రెడ్డీస్ వారి రెడిక్స్ రూ.2,700, అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ క్యాడిలా వారి రెమ్‌డాక్ రూ.899 అయినవి. ఒకే మందు, ఒకే మోతాదు, నాలుగు రెట్ల వ్యత్యాసం. కానీ కొరత వేళ ఈ ధరలలో ఏ ఒక్కటీ కొనుగోలుదారునికి అక్కరకు రాలేదు. ఆసుపత్రుల నుండి చీటీ పుచ్చుకొని రోగుల బంధువులు దుకాణాల చుట్టూ తిరిగినారు. కార్యాలయ సహోద్యోగుల వాట్సాప్ బృందాలు రాత్రింబగళ్ళు సీసాల కొరకు వెదకినవి. నల్లబజారులో అనేక రెట్లు ధరకు అమ్మిన వారిపై పోలీసులు కేసులు నమోదు చేసినారు.

ఆ సీసా నిజముగా ఏమి చేయగలదు? అమెరికా ప్రభుత్వ ఆధ్వర్యంలో జరిగిన పరీక్షలో ఆసుపత్రిలో చేరిన రోగులు కోలుకొనుటకు పట్టిన మధ్యస్థ కాలం 15 రోజుల నుండి 10 రోజులకు తగ్గినది. 2020 అక్టోబరులో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్షల మధ్యంతర ఫలితాలు మాత్రం మరణాల తగ్గుదలలో చెప్పుకోదగిన ప్రభావం లేదని తెలిపినవి. అదే ఏడాది నవంబరులో ఆ సంస్థ ఆసుపత్రి రోగులకు దీనిని సిఫారసు చేయలేదు. అనగా 2021 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో సీసా కొరకు బారులు తీరిన నాటికే ఈ ఫలితం బహిరంగంగా ఉన్నది. అయినను పత్రికలలో, చానళ్ళలో 'సంజీవని' అన్న మాటే నిలిచినది. వెంటిలేటర్‌పై ఉన్న తండ్రి కొరకు అప్పు చేసి సీసాలు కొన్న కుమారునికి ఆ మాట చేసిన మేలు ఏమిటో ఆలోచించదగినది.

కథ అక్కడితో ముగియలేదు. ఆసుపత్రిలో చేరని, కానీ ప్రమాదావకాశం గల రోగులకు లక్షణాలు కనిపించిన ఏడు రోజులలోపు మూడు రోజుల పాటు ఇచ్చినచో ఆసుపత్రిలో చేరే అవసరం 87 శాతం తగ్గినట్లు తరువాతి పరీక్ష నిరూపించినది. 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అట్టి రోగులకు షరతులతో సిఫారసు చేసినది. మందు మారలేదు. ఇచ్చే వేళ మారినది.

నోటి ద్వారా తీసుకొను మందులు

జపాన్‌లో 2014లో ఇన్‌ఫ్లుయెంజా కొరకు ఆమోదం పొందిన ఫావిపిరావిర్ 2020 జూన్‌లో మన దేశంలో అనుమతి పొందినది. గ్లెన్‌మార్క్ సంస్థ 200 మి.గ్రా. మాత్రను రూ.103కు విడుదల చేయగా, హెటెరో రూ.59కు, ఆగస్టులో హైదరాబాద్‌కే చెందిన ఎంఎస్‌ఎన్ ల్యాబ్స్ రూ.33కు అందించినవి. ఐఐసీటీ విధానంతో సిప్లా తయారు చేసిన మాత్ర రూ.68. పోటీ వలన ధర రెండు నెలలలో మూడవ వంతుకు దిగినది. అయితే తొలిరోజు 18 మాత్రలు, పిదప రోజుకు 8 చొప్పున 14 రోజులకు 122 మాత్రలు మింగవలసి యుండగా, తరువాతి పెద్ద పరీక్షలలో ఆశించిన ప్రయోజనం కనిపించలేదు. చవకగా లభించుట వేరు, పనిచేయుట వేరు.

మోల్నుపిరావిర్‌కు 2021 డిసెంబరు 28న అత్యవసర వినియోగ అనుమతి లభించినది. నగరంలోని హెటెరో, డాక్టర్ రెడ్డీస్, నాట్కో, ఎంఎస్‌ఎన్, ఆప్టిమస్ సంస్థలు దీని అభివృద్ధిలో పాలుపంచుకొన్నవి. డాక్టర్ రెడ్డీస్ క్యాప్సూలు రూ.35, అనగా 40 క్యాప్సూళ్ళ ఐదు రోజుల చికిత్స రూ.1,400. మధ్యంతర ఫలితాలలో 50 శాతమని ప్రకటితమైన ప్రయోజనం తుది లెక్కలలో 30 శాతానికి తగ్గినది. భద్రతపై సందేహాలు గలవని 2022 జనవరిలో భారత వైద్య పరిశోధన మండలి వెల్లడించి, జాతీయ చికిత్సా మార్గదర్శకాలలో దీనిని చేర్చలేదు. గర్భిణులకు ఇది ఇవ్వరాదు. టీకా పొందిన వారిపై బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో ఆసుపత్రి చేరికలు తగ్గలేదు.

నిర్మాట్రెల్విర్, రిటోనావిర్‌ల కలయికయే ఫైజర్ వారి పాక్స్‌లోవిడ్. టీకా పొందని, ప్రమాదావకాశం గల రోగులలో ఆసుపత్రి చేరిక, మరణం 89 శాతం తగ్గినట్లు తేలగా, 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని గట్టిగా సిఫారసు చేసినది. మెడిసిన్స్ పేటెంట్ పూల్ ద్వారా లైసెన్సు పొందిన హెటెరో తయారీ నిర్మాకామ్‌కు 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ దక్కినది. ఈ మందు జనరిక్ రూపానికి ఆ గుర్తింపు లభించుట అదే ప్రథమం. సాధారణ ప్రమాదావకాశం గల వారిలో, టీకా పొందిన వారిలో లక్షణాలు త్వరగా తగ్గినట్లు రుజువు కాలేదని 2024లో ప్రచురితమైన మరొక పరీక్ష తెలిపినది.

టూ-డీజీ, ప్లాస్మా తదితరములు

డీఆర్‌డీఓకు చెందిన ఇన్మాస్ ప్రయోగశాల, డాక్టర్ రెడ్డీస్ కలసి రూపొందించిన టూ-డీజీ పొడి తొలి ప్రయోగాలు 2020 ఏప్రిల్‌లో హబ్సిగూడలోని సీసీఎంబీ సహకారంతో జరిగినవి. మూడవ దశలో 220 మంది రోగులపై పరీక్షించగా, మూడవ రోజుకు ఆక్సిజన్ అవసరం తీరిన వారు 42 శాతం, ఇతరులలో 31 శాతం. 2021 మేలో అత్యవసర అనుమతితో విడుదలైన ఈ పొడి ప్యాకెట్టు ధర రూ.990. ఇది సోకిన కణాల శక్తి వినియోగంపై పనిచేయునదే గాని, పైన వివరించిన అర్థంలో వైరస్ ఎంజైమ్‌ను అడ్డగించు మందు కాదు.

కోలుకొన్న వారి ప్లాస్మా సేకరణకై సైబరాబాద్ పోలీసులు, సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ 2020లో విశేషంగా కృషి చేయగా, ఐటీ ఉద్యోగులు పలువురు దానమిచ్చినారు. వారి ఔదార్యం ప్రశంసనీయమే. అయితే 39 ఆసుపత్రులలో 464 మందిపై ఐసీఎంఆర్ జరిపిన పరీక్షలో ప్లాస్మా మరణాలను గాని, వ్యాధి తీవ్రతను గాని తగ్గించలేదు. 2021 మే 17న అది మార్గదర్శకాల నుండి తొలగింపబడినది.

ఆక్సిజన్ అవసరమైన రోగులలో మరణాలను తగ్గించినట్లు 2020 జూన్‌లో తొలుత రుజువైన డెక్సామెథసోన్ యాంటీవైరల్ కాదు. అది చౌకగా దొరికే పాత స్టెరాయిడ్. దానిపై ఎవరూ బారులు తీరలేదు. ఆక్సిజన్ అవసరం లేని వారు సొంతంగా వాడినచో హాని కలుగవచ్చును. బారిసిటినిబ్ కొరకు నాట్కో 2021 మేలో తప్పనిసరి లైసెన్సుకు దరఖాస్తు చేయగా, పేటెంటుదారు ఎలై లిల్లీ కొద్ది రోజులలోనే స్వచ్ఛంద లైసెన్సు మంజూరు చేసినది.

వార్తలకు, క్షేత్ర విధులకు గమనింపదగినవి

మందుకు 'అత్యవసర వినియోగ అనుమతి' లభించినదని వ్రాయునపుడు అది సంపూర్ణ ఆమోదం కాదని తెలుపుట అవసరం. కంపెనీ ప్రకటనలోని శాతం మధ్యంతర ఫలితమా, తుది ఫలితమా, ఎవరిపై లెక్కించినదో అడుగవలెను. మోల్నుపిరావిర్ ఉదాహరణ పైన ఇచ్చియున్నాము. కొరత సమయంలో ధరతో పాటు ఆ మందు ఏ దశ రోగికి ఉద్దేశింపబడినదో ఒక్క వాక్యంలో చేర్చినచో పాఠకుడు నల్లబజారు దారి పట్టకుండుటకు తోడ్పడగలదు.

పాక్స్‌లోవిడ్ రకపు మందు లక్షణాలు కనిపించిన ఐదు రోజులలోపు ఆరంభించవలెను. అందులోని రిటోనావిర్ కాలేయంలో ఇతర మందుల విచ్ఛిన్నాన్ని నెమ్మదింపజేయును. కొలెస్ట్రాల్ తగ్గించు కొన్ని స్టాటిన్‌లు, రక్తం గడ్డకట్టకుండా వాడు కొన్ని మందులు, కొన్ని గుండె లయ మందులు వాడుచున్న వారు వైద్యునికి ఆ జాబితా చూపకుండా దీనిని తీసుకొనరాదు. మూత్రపిండాల వ్యాధి గల వారికి మోతాదు సవరింపవలసి యుండును.