నల్లమందు వ్యసనమునకు ఔషధ చికిత్స

నల్లమందుకును, దానినుండి తీయబడు మార్ఫిన్‌కును, మార్ఫిన్‌ను మార్చి చేసిన హెరాయిన్‌కును, రసాయనశాలలలో పుట్టిన తత్సమానములగు ఇతర మాదక ద్రవ్యములకును దాసులైనవారికి, ఆ కుటుంబమునకే చెందియు మెల్లగా పనిచేసి చిరకాలము నిలుచు వేఱొక మందును వైద్యుని కనుసన్నలలో నియమముగా నిచ్చి, వారిని మరల సంసారమునకును వృత్తికిని తెచ్చు పద్ధతి ఔషధ సహాయక చికిత్స యనబడును. మెథడోన్, బుప్రెనార్ఫిన్ అనునవి యిందు ప్రధానములు. నాల్ట్రెక్సోన్ అను మూడవది స్వభావముచేత వేఱు. ఈ చికిత్స చరిత్రను పరిశీలించిన, మందులను కనుగొనుటకు శాస్త్రజ్ఞులు పడిన శ్రమకంటె, వానిని రోగికిచ్చు హక్కును సంపాదించుకొనుటకు వైద్యులు పడిన శ్రమయే అధికమని తోచును.

19వ శతాబ్ది ఆరంభమున జర్మను ఔషధకారుడు సెర్ట్యూర్నర్ నల్లమందునుండి మార్ఫిన్‌ను వేఱుచేసెను. 1874లో లండనున ఆల్డర్ రైట్ మొదట తయారుచేసిన హెరాయిన్‌ను 1898లో బేయర్ కంపెనీ దగ్గుమందుగా విపణిలోనికి దింపి, మార్ఫిన్‌వలె ఇది అలవాటు కాదని చాటెను. ఆ చాటింపు ఎంత అబద్ధమో కొలది యేండ్లలోనే తేలిపోయినది.

అమెరికాలో 1914 నాటి హారిసన్ చట్టము మాదక ద్రవ్యముల క్రయవిక్రయములను ప్రభుత్వ పట్టీలలోనికి తెచ్చెను. 1919లో వెబ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వ్యసనపరునికి ఉన్న అలవాటును నిలుపుటకై మార్ఫిన్ వ్రాసియిచ్చుట వైద్యవృత్తిలోని కార్యమే కాదని తీర్పు చెప్పుటతో, ఆనాడు పలు నగరములయందు తెఱవబడియున్న మార్ఫిన్ వైద్యశాలలు ఒకటొకటిగా మూతబడెను. లూసియానాలోని ష్రీవ్‌పోర్టునందు డాక్టర్ విల్లిస్ బట్లర్ నడపినది 1923వఱకు నిలిచి అదియు మూసివేయబడినది. ఇంగ్లండులోనో, 1926 నాటి రోల్‌స్టన్ సంఘము, మందు లేనిదే బ్రతుకు సాగింపలేని రోగికి వైద్యుడు దానిని మితముగా ఇచ్చుచుండుట సమంజసమేయని నివేదించెను. ఒకే వ్యాధిని ఒక దేశము పోలీసువానికిని, మఱియొకటి వైద్యునికిని అప్పగించిన తీరు ఇది.

అమెరికా ప్రభుత్వము 1935లో కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్‌టన్ వద్ద కారాగారమును, ఆసుపత్రియు, వ్యవసాయక్షేత్రమును ఏకమైన ఒక విచిత్ర సంస్థను నెలకొల్పెను. శిక్షపడినవారును, తమంతట తాము వచ్చి చేరినవారును అచట పాలు పిదుకుచు, పొలము దున్నుచు, కుట్టుపని నేర్చుచు మాసములు గడపి, మందు పూర్తిగా విడిచి ఇండ్లకు మరలుచుండిరి. కాని న్యూయార్కుకు తిరిగిపోయినవారిని వెంబడించి పరిశీలింపగా, నూటికి తొంబదిమందికి పైగా మరల పాత దారిలోనే పడినట్లు తేలినది. 1945లో అచట పనిచేసిన యువ వైద్యురాలు మేరీ నిస్వాండర్ ఆ సంస్థ తీరును కన్నులార చూచి, వ్యసనపరుడు నేరస్థుడు కాడు, రోగి యను నిశ్చయమునకు వచ్చి, 1956లో ఆ భావమునే ఒక గ్రంథముగా వెలువరించెను.

మెథడోన్ పుట్టుక ఇంతకు పూర్వమే జర్మనీలోని హెక్‌స్ట్ కర్మాగారమున జరిగియుండెను. రెండవ ప్రపంచయుద్ధమునకు కొంచెము ముందు బొక్‌మ్యూల్, ఎర్‌హార్ట్ అను రసాయన శాస్త్రజ్ఞులు దీనిని నొప్పి నివారిణిగా తయారుచేసిరి. యుద్ధానంతరము ఆ రహస్యములు విజేతల హస్తగతము కాగా, 1947లో ఎలీ లిల్లీ కంపెనీ దీనిని డోలోఫిన్ అను పేర అమ్మజొచ్చెను. ఈ పేరు అడాల్ఫ్ హిట్లరు గౌరవార్థము పెట్టినదని యొక కట్టుకథ నేటికిని వాడుకలో నున్నది. పేరు అమెరికాలో పెట్టినదగుటచే దానికి ఆధారము లేదు. లెక్సింగ్‌టన్ వైద్యులు దీనిని వాడిరి గాని, మందు మాన్పించునపుడు కలుగు ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనములు, నిద్రలేమి తగ్గించుటకు కొలదిదినములు ఇచ్చి ఆపివేయుచుండిరి. ఔషధము చేతనే యుండెను. దానిని చిరకాలము ఇయ్యవచ్చునన్న ఊహయే కొఱవడియుండెను.

ఆ యూహ కార్యరూపము దాల్చినది 1964లో, న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థయందు. స్థూలకాయుల శరీరధర్మములను పరిశోధించుచుండిన విన్సెంట్ డోల్, నిస్వాండర్ గ్రంథమును చదివి ఆమెను పిలిపించుకొనెను. మేరీ జీన్ క్రీక్ అను యువ వైద్యురాలు వారితో చేరెను. మొదటి రోగులకు వారు మార్ఫిన్‌నే ఇచ్చి చూచిరి. మోతాదు నానాటికి పెంచవలసివచ్చెను. రోగులు టెలివిజను ఎదుట మగతగా కూర్చుండి, తరువాతి సూది ఎప్పుడని ఎదురుచూచుటయే పనిగా నుండిరి. పిమ్మట వారిని మెథడోన్‌కు మార్పగా, కొలదివారములలోనే ఒకడు కుంచె పట్టి చిత్రములు గీయసాగెను. వేఱొకడు ఆగిపోయిన చదువు సాగింతునని అడిగెను. హెరాయిన్ ప్రభావము నాలుగైదు గంటలలో తగ్గిపోయి మనిషిని దినమున పలుమార్లు ఎత్తి పడవేయుచుండగా, నోట త్రాగిన మెథడోన్ ఒక దినమంతయు సమస్థితిలో నిలుచును. అంతేకాక మెదడులో నల్లమందు తగులుకొను గ్రాహకములను తానే ఆక్రమించియుండుటచే, రోగి మధ్యలో హెరాయిన్ ఎక్కించుకొన్నను ఆశించిన మత్తు కలుగదు. 22 మంది రోగుల వృత్తాంతము 1965లో ప్రకటింపబడెను. మాదక ద్రవ్య శాఖాధికారులు వచ్చి ఇది చట్టవిరుద్ధమని బెదిరింపగా, అటులైన వ్యాజ్యము వేయుడు, న్యాయస్థానమే తేల్చునని డోల్ బదులుచెప్పెను, వ్యాజ్యము రాలేదు.

ఒక మత్తు మాన్పించి మఱియొక మత్తు మప్పుటయే కదా యను ఆక్షేపణ ఆనాటినుండి నేటివఱకు వినబడుచునేయున్నది. మధుమేహరోగి ఇన్సులిన్ పుచ్చుకొనుటను ఎవరును వ్యసనమనరని డోల్ పక్షమువారి సమాధానము. ఈ వ్యాసకర్తకు ఆ సమాధానమే న్యాయముగా తోచుచున్నది. ఏలన నియత మోతాదుకు అలవడిన రోగి మత్తులో నుండడు, తన పని తాను చేసికొనును.

1970 దశకమున అమెరికాలోను, హాంగ్‌కాంగులోను మెథడోన్ కేంద్రములు విరివిగా వెలసెను. అయితే 1972 నాటి అమెరికా నిబంధనలు, రోగి ప్రతిదినము కేంద్రమునకు వచ్చి, వరుసలో నిలిచి, నర్సు చూచుచుండగా మందు త్రాగిపోవలెనని కట్టడి చేసినవి. ఉద్యోగము చేసికొనుమని మందిచ్చి, ఉద్యోగమునకు పోవలసిన వేళను వరుసలో నిలుపుట వింత.

బుప్రెనార్ఫిన్‌ను 1966లో ఇంగ్లండులోని హల్ పట్టణమున రెకిట్ అండ్ కోల్మన్ కంపెనీయందు జాన్ లూయిస్ బృందము తయారుచేసెను. 1978లో లెక్సింగ్‌టన్ పరిశోధకుడు జాసిన్‌స్కీ ఇది వ్యసన చికిత్సకు తగునని సూచించెను. గ్రాహకమును గట్టిగా పట్టుకొనియు పాక్షికముగా మాత్రమే ప్రేరేపించుట దీని గుణము. మోతాదు పెంచినను ఒక మేరకు మించి ఊపిరిని అణచదు. ఎయిడ్స్ వ్యాధి సూదుల ద్వారా వ్యాపింపగా, ఫ్రాన్సు 1990 దశకపు నడుమ ప్రతి సామాన్య వైద్యునికిని దీనిని వ్రాయు అధికారమిచ్చెను. 1995–1999 నడుమ హెరాయిన్ అతిమోతాదు మరణములు 79 శాతము తగ్గినవి. అమెరికా 2002లో దీనిని అంగీకరించియు, వ్రాయు వైద్యునికి 8 గంటల శిక్షణను ప్రత్యేకానుమతిని విధించెను. అదే వైద్యుడు వ్యసనమును తెచ్చు నొప్పిమాత్రలు వ్రాయుటకు అట్టి శిక్షణ అక్కఱలేకుండెను! ఈ నిర్బంధము 2022 డిసెంబరులోగాని తొలగలేదు.

గ్రాహకమును మూసివేయుటయే గాని ప్రేరేపింపని నాల్ట్రెక్సోన్ 1984లో అంగీకారము పొందెను. మందు పూర్తిగా విడిచినవారికే ఇయ్యవలసియుండుటచే దానిపై నిలిచినవారు తక్కువ.

భారతదేశమున 1990 దశకమున ఢిల్లీలో చిన్న మోతాదు బుప్రెనార్ఫిన్ మాత్రలతో ఈ చికిత్స మొదలయ్యెను. మణిపూర్, నాగాలాండ్ మున్నగుచోట్ల సూదులవలన హెచ్.ఐ.వి. ప్రబలుటచే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తరువాతి దశకమున దీనిని తన కార్యక్రమములో చేర్చుకొనెను. బుప్రెనార్ఫిన్ ఇంజక్షనునే అలర్జీ మందుతో కలిపి మత్తుకై పొడుచుకొనువారు మన దేశమున ఉన్నందున, కేంద్రములలో మాత్రను పొడిచేసి నాలుక క్రింద వేసి, కరగువఱకు రోగిని ఎదుటనే కూర్చుండబెట్టుదురు. 2014లో మాదక ద్రవ్య చట్టము సవరింపబడి, వ్యసన చికిత్సకు విశాలమైన అర్థము లభించెను. పంజాబు 2017లో బాహ్యరోగి చికిత్సాకేంద్రములను తెఱచెను. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము నల్లమందు జాతి మత్తులకు లోనై సహాయము అవసరమైనవారు దేశమున సుమారు 77 లక్షలు.

చికిత్సను అర్ధాంతరముగా మానినవారికి తొలివారములే మిక్కిలి ప్రమాదకరములు. శరీరపు సహనశక్తి తగ్గియుండుటచే, పూర్వము తట్టుకొన్న హెరాయిన్ మోతాదే ప్రాణము తీయగలదు. కనుక మందును ఎప్పుడు తగ్గింపవలెనో, ఎప్పుడు ఆపవలెనో రోగియు బంధువులును తామై నిర్ణయింపక వైద్యుని సలహా పొందవలెను.