బొడ్డుతాడు చెప్పిన సాక్ష్యం

బిడ్డకు బొడ్డు ఊడాక ఆ ఎండిన ముక్కను మనవాళ్లు చాలామంది పారేయరు. తాయెత్తులో పెట్టి మొలతాడుకు కడతారు. జపాన్‌లో దాన్ని చిన్న చెక్కపెట్టెలో పెట్టి తల్లి దాచుకుంటుంది. డిగ్రీ పిల్లలకు పిండోత్పత్తి శాస్త్రం చెప్పినదాన్ని నేను. మాయ పాఠం వచ్చినప్పుడల్లా ఆ చెక్కపెట్టెల సంగతి, మినమాట సంగతి చెప్పాకే ముందుకు కదిలేదాన్ని.

మినమాట క్యుషు దీవిలో, షిరనుయి సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి చిస్సో కంపెనీ 1932లో ఎసిటాల్డిహైడ్ తయారీ మొదలుపెట్టింది. అందులో పాదరసం ఉత్ప్రేరకం. ఆ చర్యలోనే కొంత పాదరసం మిథైల్ మెర్క్యురీగా మారి, వ్యర్థజలంతో హ్యక్కెన్ రేవులోకి పోయేది. నీటిలోని సూక్ష్మజీవుల నుంచి చేపలకు, చేపల నుంచి వాటిని పూటపూటా తినే జాలరి కుటుంబాలకు చేరింది. ముందు పిల్లులు గిర్రున తిరిగి, వణికి చచ్చాయి. తర్వాత పిల్లలకు నడక తడబడింది, మాట పోయింది. 1956 మే 1న ఈ జబ్బును అధికారులకు తెలియజేసింది కంపెనీ ఆసుపత్రి డాక్టరు హొసోకావా హజిమేనే. 1959లో ఆయన ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెడితే దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు. వ్యర్థజలం మరో తొమ్మిదేళ్లు, 1968 దాకా, పారుతూనే ఉంది. ఈ తొమ్మిదేళ్లను నేను క్షమించలేను.

1961లో కుమమోటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన యువ వైద్యుడు హరాదా మసజుమి ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు అన్నదమ్ములను చూశాడు. ఇద్దరికీ అవే లక్షణాలు. పెద్దవాడిది మినమాట జబ్బనీ, చిన్నవాడిది పుట్టుకతో వచ్చిన మెదడు పక్షవాతమనీ డాక్టర్లు తేల్చేశారు. చిన్నవాడు చేప తినలేదు గదా అన్నది వాళ్ల వాదన. చేప తిన్నది నేను, నా కడుపులో ఉన్నది వాడు అన్నది తల్లి మాట. అప్పటి వైద్యం మాయను కోటగోడలా భావించేది, విషం దాటి రాదని నమ్మేది. హరాదా తల్లి మాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. చనిపోయిన ఇద్దరు పిల్లల శవపరీక్షల తర్వాత, 1962 నవంబరులో 16 మంది పిల్లలను గర్భంలోనే విషం సోకినవారిగా గుర్తించారు.

ఆ విషం మాయను ఎలా దాటిందో తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మిథైల్ మెర్క్యురీ సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకుంటుంది. అప్పుడది మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని పోలి ఉంటుంది. పిండం ఎదగడానికి మిథియోనిన్ కావాలి కాబట్టి మాయ దాన్ని పోషకంగానే లోపలికి పంపుతుంది. అందుకే బొడ్డుతాడు రక్తంలో పాదరసం సాధారణంగా తల్లి రక్తంలోకన్నా ఎక్కువ. పెద్దల మెదడులో ప్రధానంగా చూపుకు, నడక అదుపుకు సంబంధించిన భాగాలు చెడతాయి. పిండం మెదడులో కణాలు ఇంకా విభజన చెందుతూ, తమ చోట్లకు కదులుతూ ఉంటాయి. ఆ దశలో విషం తగిలితే మెదడంతా దెబ్బతింటుంది. తల్లికి వేళ్ల తిమ్మిరి మాత్రమే ఉన్న ఇళ్లలో కూడా మెడ నిలపలేని బిడ్డలు పుట్టారు. కడుపులోని బిడ్డ తన విషాన్ని లాక్కుని తనను కాపాడిందని చెప్పుకున్న తల్లులున్నారు. తరగతిలో ఈ మాట దగ్గర నా గొంతు పట్టేసేది.

జబ్బు తెలియక ముందు పుట్టిన పసివాళ్ల రక్తాన్ని ఎవరూ తీసి ఉంచలేదు. మరి గర్భంలో ఎంత పాదరసం చేరిందో రుజువెక్కడ? తల్లుల చెక్కపెట్టెల్లో. హరాదా ఆ ఎండిన ముక్కలను అడిగి సేకరించాడు. 1975లో అచ్చయిన ఆ ఫలితాల్లో, ఎసిటాల్డిహైడ్ ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో పుట్టినవాళ్ల బొడ్డుతాళ్లలో మిథైల్ మెర్క్యురీ పెరిగి కనిపించింది. ముద్దుకు దాచుకున్న వస్తువు ఫ్యాక్టరీ లెక్కలతో సరిపోలింది.

అయినా బాధితుల వ్యాజ్యాలు ముగియలేదు. 2009లో వచ్చిన సహాయ చట్టం కింద, నియమం ప్రకారం, 1969 నవంబరు చివరిలోపు పుట్టినవారికే పరిహారం దక్కింది. వ్యర్థజలం ఆగింది గనుక ఆ తర్వాతివాళ్లకు ముప్పు లేదన్న లెక్క అది. కానీ హ్యక్కెన్ రేవు అడుగున పేరుకున్న పాదరసపు బురదను తవ్వడం మొదలైంది 1977లో, పూర్తయింది 1990లో. 2023లో ఒసాకా కోర్టు 128 మంది వాదులనూ బాధితులుగా ఒప్పుకుంటే, ప్రభుత్వమూ కంపెనీ కూడా అప్పీలుకు వెళ్లాయి.